కొత్త సబ్‌వూఫర్‌కి బ్రేక్-ఇన్ కావాలా? తెచ్చిన మొదటి వారం ఏం చేయాలంటే

కొత్త సబ్‌వూఫర్ ఇంటికి తెచ్చుకుని, ఇష్టమైన పాట పెట్టి, "ఇంతేనా బేస్?" అనిపించి దిగులుపడుతున్నారా? షాపుకి ఫోన్ చేస్తే "ఒక యాభై గంటలు ఆడనీయండి సామీ, స్పీకర్ ఫ్రీ అవుతుంది, అప్పుడు చూడండి దాని సత్తా" అన్నారా? ఆ మాటలో కొంచెం నిజం ఉంది. కొత్త స్పీకర్‌ని ఇలా కొన్ని గంటలు ఆడించి వదులు చేయడాన్నే బ్రేక్-ఇన్ అంటారు. కానీ ఆ నిజానికీ, మీకు బేస్ చాలకపోవడానికీ సంబంధం చాలా తక్కువ. ఆ యాభై గంటల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే అసలు తప్పు ఎక్కడుందో తెలిసేలోపల వాపసు ఇచ్చే గడువు దాటిపోతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

మనందరికీ ఈ నమ్మకం బండి నుంచి వచ్చింది. కొత్త బైక్ కొంటే మొదటి సర్వీసు అయ్యేదాకా గట్టిగా తిప్పకుండా, మెల్లగా నడుపుతాం. ఇంజన్‌లో ఇనుము ఇనుముకి రాసుకుని నునుపెక్కాలి కాబట్టి అక్కడ అది సరైన పనే. సబ్‌వూఫర్‌లో అలా ఒకదానికొకటి రాసుకునే భాగాలే లేవు. ఏదైనా రాసుకుంటోందంటే అది పాడైనట్టు లెక్క.

మరి ఫ్రీ అయ్యేదేమిటి? స్పీకర్ ముందు ఊగి శబ్దం పుట్టించే గిన్నెలాంటి భాగం కోన్. దాని వెనకాల, దాన్ని ఊపే తీగచుట్టని, అదే వాయిస్ కాయిల్‌ని, అయస్కాంతం మధ్య సందులో నిటారుగా పట్టుకుని ఉండే ముడతల గుడ్డ ఒకటి ఉంటుంది, దాన్ని స్పైడర్ అంటారు. ఆ గుడ్డకి రెజిన్ పట్టించి, వేడితో అచ్చులో నొక్కి ముడతలు తెప్పిస్తారు. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన పంచె కట్టుకుంటే మొదట్లో ఎలా బిర్రుగా ఉంటుందో, కొత్త స్పైడర్ కూడా అలాగే ఉంటుంది. ఒక అరగంట అటూ ఇటూ తిరిగేసరికి పంచె మెత్తబడినట్టే, కోన్ నాలుగుసార్లు గట్టిగా ముందుకీ వెనక్కీ ఆడేసరికి ఇదీ మెత్తబడుతుంది. కోన్ చుట్టూ ఉండే రబ్బరు అంచు, అదే సరౌండ్, అది కూడా కాస్త వదులవుతుంది. ఈ మార్పులో పెద్ద భాగం మొదటి కొద్ది నిమిషాల నుంచి కొద్ది గంటల్లోపే అయిపోతుంది. నెలల తరబడి నెమ్మదిగా విచ్చుకునే పువ్వేమీ కాదు.

ఇప్పుడు లెక్క చూడండి, ఎందుకంటే అసలు విషయం ఇక్కడే ఉంది. స్పీకర్ గుణాలని అంకెల్లో చెప్పే పద్ధతిని 1961లో ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్ మొదలుపెడితే, 1970ల్లో రిచర్డ్ స్మాల్ దాన్ని పూర్తి రూపానికి తెచ్చాడు. స్పీకర్ కాగితంలో ఎఫ్ఎస్ (Fs), వాస్ (Vas) అని కనిపించేవి ఆ అంకెలే. ఎఫ్ఎస్ అంటే బాక్సులో పెట్టకుండా బయట ఉన్నప్పుడు కోన్ తనంతట తాను ఊగే ఫ్రీక్వెన్సీ. వాస్ అంటే ఆ స్పైడర్, సరౌండ్ బిగువు ఎన్ని లీటర్ల గాలి బిగువుతో సమానమో చెప్పే అంకె. స్పైడర్ మెత్తబడితే ఎఫ్ఎస్ తగ్గుతుంది, వాస్ పెరుగుతుంది. రెండూ జంటగానే కదులుతాయి.

లెక్క తేలిగ్గా ఉండేందుకు నేను అనుకున్న అంకెలే తీసుకుందాం. కొత్త స్పీకర్ ఎఫ్ఎస్ 30 హెర్ట్జ్, వాస్ 80 లీటర్లు. దాన్ని 40 లీటర్ల మూసిన బాక్సులో బిగిస్తే, బాక్సుతో కలిపి దాని రెజొనెన్స్, అంటే కోన్ తనంతట తాను ఊగే ఫ్రీక్వెన్సీ, దాదాపు 52 హెర్ట్జ్ వస్తుంది. బాగా ఆడి ఎఫ్ఎస్ 27కి దిగిందనుకోండి, అంటే పది శాతం మార్పు, కాగితం మీద చూస్తే పెద్దదే. అప్పుడు వాస్ సుమారు 99 లీటర్లవుతుంది. మళ్లీ అదే బాక్సులో లెక్క కడితే 50 హెర్ట్జ్. పది శాతం మార్పు కాస్తా బాక్సులోకి వెళ్లేసరికి మూడు శాతానికి వచ్చింది. ఎందుకంటే బాక్సులో ఉన్నప్పుడు కోన్‌ని వెనక్కి లాగే పని ఎక్కువగా చేసేది లోపలి గాలి, స్పైడర్ కాదు. ఆ గాలికి బ్రేక్-ఇన్ ఏముంటుంది? వినికిడిలో ఈ తేడా ఒక డెసిబెల్ (శబ్దం బలాన్ని చెప్పే కొలత) లోపే. పాట వింటూ దాన్ని పట్టుకోవడం మనిషి చెవికి దాదాపు అసాధ్యం.

"కానీ అన్నా, నాకు నిజంగానే నెల తర్వాత బాగా వినిపించింది" అంటారా? నమ్ముతాను. ఆ నెలలో మీరు సోఫా కొంచెం జరిపి ఉంటారు, ఆంప్లిఫయర్ మీద గెయిన్ అనే మీట రెండుసార్లు తిప్పి ఉంటారు, అన్నిటికన్నా ముఖ్యంగా మీ చెవి ఆ శబ్దానికి అలవాటు పడి ఉంటుంది.

సరే, ఇక చేయాల్సిన పనులు. ఇదే వరసలో చేయండి, ఎందుకంటే మొదటిది తప్పితే మిగిలినవన్నీ దండగ.

పెట్టె విప్పిన రోజు

బిల్లు మీద తేదీ, ఎన్ని రోజుల్లోపల వాపసు తీసుకుంటారో ఆ సంగతి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. అట్టపెట్టె, థర్మాకోల్ పారేయకండి. ఇల్లు ఇరుకైనా సరే, గడువు అయ్యేదాకా మంచం కిందో అటక మీదో ఉండనీయండి.

తర్వాత రెండు చేతుల వేళ్లూ కోన్‌కి చెరో వైపు, మధ్యలో ఉండే మూతకి సమాన దూరంలో ఆనించి, మెల్లగా లోపలికి నొక్కి వదలండి. ఒక్క చేత్తో ఒక పక్కే నొక్కితే కాయిల్ వంగి సందులో తగులుతుంది, అలా చేయకండి. చెవి దగ్గర పెట్టుకుని వినండి. ఏ శబ్దమూ లేకుండా మెత్తగా వెళ్లి రావాలి. గరగరమని ఇసుక నలిగినట్టు వినిపిస్తే కాయిల్ తగులుతోందని అర్థం. అది ఎన్ని గంటలు ఆడినా సర్దుకోదు, ఆడినకొద్దీ కాయిల్ మీద ఇనామిల్ పోతుంది. ఆ రోజే వాపసు ఇచ్చేయండి. బిగువుగా ఉండి శబ్దం లేకపోతే మాత్రం అది కొత్త స్పైడర్ బిగువే, దానికి టెన్షన్ అక్కర్లేదు.

విడిగా కొన్న స్పీకర్ అయితే మల్టీమీటర్ ఓమ్స్‌లో పెట్టి టెర్మినల్స్ మీద ఆనించండి. 4 ఓమ్స్ కాయిల్ అయితే మీటర్లో 4 కంటే కాస్త తక్కువ, మూడున్నర అటూఇటూగా చూపిస్తుంది, అది మామూలే. అసలు ఏమీ చూపించకపోతే కాయిల్ తెగింది.

పెన్సిల్ సెల్ పరీక్ష

దీని గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, మా ఇంట్లో జరిగింది కాబట్టి.

మా బావమరిది చిత్తూరులో ఉంటాడు. మామిడి సీజన్లో దామలచెరువు మండీకీ ఇంటికీ రోజూ కారులోనే తిరుగుతాడు, పాటలు లేకపోతే స్టీరింగ్ పట్టుకోడు. డిక్కీలో పన్నెండు అంగుళాల సబ్ బిగించుకున్నాడు, రెండు కాయిల్స్ ఉండే రకం. మొదటి రోజు నుంచే బేస్ లేదు. బిగించిన షాపులో అడిగితే "కొత్తది కదా, ఒక నెల ఆడనీ" అన్నారు. వాడు నమ్మాడు. నెలలో వంద గంటలు తక్కువ కాకుండా ఆడించాడు, చాలడం లేదని వాల్యూమ్ పెంచుకుంటూ పోయాడు. ఒకరోజు తిరుపతి వచ్చినప్పుడు "బావా, ఇదేందో ఒకసారి చూడు" అంటే ఇంటి ముందరే డిక్కీ తెరిచి ఎనిమిది స్క్రూలూ విప్పాం. స్పీకర్ బయటికి లాగుతూనే కాలిన వార్నిష్ వాసన ముక్కుకి కొట్టింది. రెండు కాయిల్స్‌లో ఒకదానికి ఎర్ర వైరు ప్లస్‌కే ఉంది, రెండో దానికి ఎర్ర వైరు మైనస్‌కి బిగించి ఉంది. అంటే ఒక కాయిల్ కోన్‌ని ముందుకి తోస్తుంటే రెండోది అదే క్షణంలో వెనక్కి లాగుతోంది. ఇద్దరు బలవంతులు తలుపుకి అటొకరు ఇటొకరు నిలబడి తోస్తున్నట్టు. తలుపు కదలదు, ఇద్దరికీ చెమటలు పడతాయి. కోన్ కదలక, ఆంప్ (ఆంప్లిఫయర్) పంపిన కరెంటంతా కాయిల్‌లో వేడిగా మారింది.

వైరు మార్చి బిగించాక బేస్ దిమ్మతిరిగేలా వచ్చింది, వాడి మొహం వెలిగిపోయింది. కానీ వాల్యూమ్ కాస్త పెంచగానే గరగర. నెల రోజుల వేడికి కాయిల్ ఉబ్బింది. షాపు వాళ్లని అడిగితే గడువు దాటిందన్నారు. మొదటి రోజే అర్ధరూపాయి పనితో తేలిపోయేదానికి కొత్త స్పీకర్ పోయింది. బ్రేక్-ఇన్ అనే మాట మీద నాకు కోపం అందుకే.

కాబట్టి ఇలా చేయండి. రిమోట్లో వేసే 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ ఒకటి తీసుకోండి. వైర్లు ఆంప్‌కి కలపకముందు, ఒక కాయిల్ ప్లస్‌కి సెల్ ప్లస్, మైనస్‌కి మైనస్ ఒక్క క్షణం ఆనించండి. కోన్ టక్ మని ముందుకి, మీ వైపుకి రావాలి. రెండో కాయిల్‌కి కూడా విడిగా అలాగే చేయండి, అదీ ముందుకే రావాలి. బాక్సులో బిగించి వైర్లు బయటికి తెచ్చాక ఆ బయటి కొసల మీద ఇంకోసారి చేయండి. కోన్ కదలకపోతే లోపల ఎక్కడో వైర్లు ఎదురెదురుగా పడినట్టు, లేదా ఊడినట్టు. సెల్‌ని అలాగే పట్టుకుని ఉండకండి, తాకించి తీసేయడమే. ఆంప్ లోపలే ఉండే హోమ్ థియేటర్ సబ్ అయితే ఈ పరీక్ష వద్దు, విప్పితే వారంటీ పోవచ్చు. దానికి ఫేజ్ స్విచ్ ఉంటుంది, కింద చెప్తాను.

గెయిన్

గెయిన్ అంటే వాల్యూమ్ కాదు. ప్లేయర్ నుంచి వచ్చే సిగ్నల్‌కి ఆంప్‌ని జత కలిపే మీట అది. దాన్ని చివరిదాకా తిప్పితే ఆంప్ తన శక్తికి మించి ఇవ్వబోయి సిగ్నల్ పైభాగాలు కత్తిరించేస్తుంది, దాన్నే క్లిపింగ్ అంటారు. కొత్త స్పీకర్లు పోవడానికి ఒక పెద్ద కారణం ఇది, బ్రేక్-ఇన్ చేయకపోవడం కాదు.

కారు ఆంప్ అయితే సబ్ వైర్లు విప్పేసి, ఈక్వలైజర్, బేస్ బూస్ట్ అన్నీ సున్నాకి పెట్టి, ప్లేయర్ వాల్యూమ్ ముప్పావు భాగం దాకా పెంచి, 50 హెర్ట్జ్ టోన్ (ఒకే ఫ్రీక్వెన్సీలో ఆగకుండా మోగే శబ్దం) పెట్టండి. మల్టీమీటర్ ఏసీ వోల్ట్స్‌లో పెట్టి ఆంప్ అవుట్‌పుట్ దగ్గర కొలుస్తూ గెయిన్ మెల్లగా పెంచండి. ఎంత దాకా? స్పీకర్ భరించే వాట్లు, ఆంప్ ఇచ్చే వాట్లు రెండిట్లో ఏది తక్కువో దాన్ని ఓమ్స్‌తో గుణించి వర్గమూలం తీయండి. 300 వాట్లు, 4 ఓమ్స్ అయితే 1200కి వర్గమూలం, అంటే దాదాపు 34.6 వోల్టులు. అక్కడ ఆపేయండి. వాట్లంటే ఆర్ఎంఎస్ (RMS) వాట్లు, అంటే ఆగకుండా ఇవ్వగలిగేవి, భరించగలిగేవి; పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసే మాగ్జిమమ్ అంకె కాదు.

ఇంట్లో అయితే చోటు

కారు వాళ్లు ఇది దాటేయండి. ఇంట్లో పెట్టుకునే వాళ్లకి మాత్రం బేస్ సంగతంతా ఇక్కడే ఉంది.

మన ఇళ్లు సిమెంటు గోడలు, గ్రానైట్ లేదా టైల్స్ నేల. బేస్ అలలు వాటికి కొట్టుకుని వెనక్కి తిరిగి వస్తాయి, వెళ్లే అలా వచ్చే అలా కలిసి ఒకచోట గుబగుబలాడిపోతుంది, ఇంకోచోట బేసే ఉండదు. మీ గదిలో ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర గొడవ మొదలవుతుందో తెలుసుకోవాలంటే, 565ని గది పొడవు అడుగులతో భాగించండి. మా హాలు పద్నాలుగు అడుగుల పొడవు, పదకొండు వెడల్పు. పద్నాలుగుకి 40 హెర్ట్జ్, పదకొండుకి 51 హెర్ట్జ్. సినిమాలో పిడుగు పడినా, పాటలో పెద్ద డ్రమ్ము మోగినా లోతైన బేస్ చాలామటుకు ఆ చుట్టుపక్కలే ఉంటుంది. ఈ ఎత్తుపల్లాలు పది డెసిబెల్స్ దాకా, ఒక్కోచోట అంతకు మించి కూడా ఉంటాయి. బ్రేక్-ఇన్ ఇచ్చే ఒక డెసిబెల్ కోసం యాభై గంటలు కాచుకోవడం ఎక్కడ, సబ్‌ని మూడడుగులు జరపడం ఎక్కడ.

ఎలా జరపాలంటే, సబ్‌ని తీసుకెళ్లి మీరు కూర్చునే చోట, సోఫా మీదనే పెట్టండి. బేస్ స్వరాలు వరసగా మారుతూ నడిచే పాట ఒకటి పదేపదే ఆడేలా పెట్టి, మీరు గోడల వెంబడి నేల మీద పాకుతూ వినండి. ఇంట్లో వాళ్లు నవ్వుతారు, నవ్వనీయండి. ఎక్కడ ప్రతి స్వరమూ ఒకే బలంతో, స్పష్టంగా వినిపిస్తుందో అక్కడ చాక్‌పీస్‌తో గుర్తు పెట్టి సబ్‌ని అక్కడికి మార్చండి. గది మూలలో పెడితే బేస్ ఎక్కువ వస్తుంది కానీ తరచూ ఒకే స్వరం మీద బుమ్ముమంటుంది. మా ఇంట్లో టీవీ పక్క మూల నుంచి బీరువా ఉండే గోడకి మార్చాక, అదే సబ్ వేరే సబ్ అయిపోయింది. ఈ పని ఉదయం పూటో సాయంత్రమో పెట్టుకోండి. రాత్రి పదింటి తర్వాత అపార్ట్‌మెంట్‌లో కింద ఇంటివాళ్ల పసిపిల్లలు లేస్తారు.

చోటు కుదిరాక క్రాసోవర్ (ఏ ఫ్రీక్వెన్సీ కింద శబ్దం సబ్‌కి వెళ్లాలో చెప్పే మీట) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టి మొదలుపెట్టండి. ఫేజ్ స్విచ్ (కోన్ కదిలే దిశని తారుమారు చేసేది) 0లో ఒకసారి, 180లో ఒకసారి పెట్టి, మీరు సోఫాలో కూర్చుని ఇంకొకరిని స్విచ్ తిప్పమనండి. దేంట్లో బేస్ నిండుగా ఉంటే దాన్ని ఉంచేయండి. కారులో అయితే సబ్ వైర్లు రెండూ తారుమారు చేసి చూడటమే ఆ స్విచ్. రెండు కాయిల్స్ ఉంటే రెండిటినీ కలిపి మార్చాలి, ఒకదాన్నే మారిస్తే మా బావమరిది కథే.

అయినా బ్రేక్-ఇన్ చేస్తాననుకుంటే

చేయండి, సరిగ్గా చేస్తే నష్టం లేదు. కంపెనీ కాగితంలో ఇన్ని గంటలు మెల్లగా ఆడించమని రాసి ఉంటే వారంటీ కోసమైనా అలాగే చేయండి. మామూలుగా అయితే బేస్ బాగా ఉండే పాటలు సగం వాల్యూమ్‌లో రెండు మూడు రోజులు వినడమే బ్రేక్-ఇన్. దానికోసం వేరే పూజ ఏమీ అక్కర్లేదు.

టోన్ పెట్టి రాత్రంతా వదిలేసే వాళ్లున్నారు, అది నాకు నచ్చదు. ఒకే టోన్ ఆగకుండా ఆడితే కాయిల్‌కి చల్లారే తీరిక దొరకదు, పాటలో అయితే దెబ్బకీ దెబ్బకీ మధ్య సందు ఉంటుంది. పోర్ట్, అంటే గాలి వెళ్లే గొట్టం ఉన్న బాక్సు అయితే ఇంకా జాగ్రత్త. ఆ పోర్ట్ ఏ ఫ్రీక్వెన్సీకి కుదిర్చి ఉందో (దాన్నే ట్యూనింగ్ అంటారు) దానికంటే కిందికి టోన్ దిగితే లోపలి గాలి కోన్‌ని పట్టుకోదు, తాడు తెగిన ఉయ్యాలలాగా కోన్ అదుపు లేకుండా ఊగి, దాని కాయిల్ వెనక ప్లేటుకి కొట్టుకోవచ్చు. ట్యూనింగ్ 35 హెర్ట్జ్ అయితే 20, 25 హెర్ట్జ్ టోన్‌లు దాని దగ్గరికి రానీయకండి. బాక్సులో పెట్టకుండా నేల మీద ఉంచి గట్టిగా ఆడించడం కూడా ఇదే ప్రమాదం.

నిజంగా బ్రేక్-ఇన్ కావాల్సిన సందర్భం ఒకటుంది. బాక్సు మీరే డిజైన్ చేస్తూ, ఎఫ్ఎస్, వాస్ మీరే కొలుచుకోవాలనుకుంటే. అప్పుడు కొలిచే ముందు స్పీకర్‌ని కాసేపు బాగా ఆడించి, చల్లారనిచ్చి కొలవండి. పెట్టెలోంచి తీసిన వెంటనే కొలిస్తే ఎఫ్ఎస్ ఎక్కువగా కనబడి కంగారుపడతారు.

మన ఎండల సంగతి

మే నెలలో అలిపిరి దగ్గర మూడు గంటలు ఎండలో నిలబెట్టిన కారు డిక్కీలో చెయ్యి పెట్టి చూడండి. కాయిల్ అప్పటికే వేడెక్కి ఉంటుంది. రాగి వేడెక్కే కొద్దీ దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది, ఒక్కో డిగ్రీకి సుమారు 0.4 శాతం, అంటే ఆడుతూ ఆడుతూ కాయిల్ వంద డిగ్రీలు పెరిగితే దాదాపు నలభై శాతం. దాంతో ఆంప్ నుంచి తీసుకునే కరెంటు తగ్గి, బేస్ నీరసపడుతుంది. "ఇందాక బాగుంది, ఇప్పుడేమైంది" అని వాల్యూమ్ పెంచితే ఇంకా వేడి. పెంచకండి, పది నిమిషాలు తగ్గించండి, అదే తిరిగొస్తుంది. ఎండలోంచి తీసిన కారులో ఏసీ వేసి లోపల కాస్త చల్లబడ్డాకే గట్టిగా పెట్టండి. మదనపల్లె వైపు డిసెంబర్ తెల్లవారుజామున దీనికి సరిగ్గా ఎదురు, రబ్బరు బిగుసుకుని ఉంటుంది, నాలుగు పాటలయ్యేసరికి అదే వదులవుతుంది. ఈ రోజువారీ బిగువు, వదులు చూసి చాలామంది బ్రేక్-ఇన్ అనుకుంటారు.

అనుమానం తీరకపోతే కొలవండి

రూమ్ ఈక్యూ విజర్డ్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ల్యాప్‌టాప్, కొలిచే మైకు ఉంటే చాలు. మైకు స్టాండుకి పెట్టి, నేల మీద దాని కాళ్ల చోటు గుర్తుపెట్టుకుని, వాల్యూమ్ అంకె రాసుకుని, మొదటి రోజు 20 నుంచి 120 హెర్ట్జ్ దాకా స్వీప్ (కింది ఫ్రీక్వెన్సీ నుంచి పైదాకా జారుతూ పోయే టోన్‌తో కొలిచే గీత) తీసి దాచుకోండి. నెల తర్వాత అదే చోట, అదే వాల్యూమ్‌లో మళ్లీ తీయండి. నేను మా హాల్లో తీస్తే రెండు గీతలూ దాదాపు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. వంటింటి తలుపు తెరిచి ఒకసారి, మూసి ఒకసారి తీసినప్పుడు వచ్చిన తేడా అంతకంటే ఎక్కువ.

నెల తర్వాత ఒక పని

స్క్రూ డ్రైవర్ తీసుకుని స్పీకర్ చుట్టూ స్క్రూలు ఒకసారి చూడండి. స్పీకర్‌కీ బాక్సుకీ మధ్య ఉండే మెత్తటి గాస్కెట్ మొదటి నెలలో అణిగిపోయి స్క్రూలు వదులవుతాయి, ఆ సందులోంచి గాలి లీకై బుస్సుమంటుంది, కొన్నిసార్లు రేకు అదిరినట్టు కూడా వినిపిస్తుంది. వరసగా ఒకటి పక్కన ఒకటి కాకుండా, ఒకటి బిగించాక దానికి ఎదురుగా ఉన్నది బిగించండి. చేత్తోనే చేయండి, డ్రిల్లింగ్ మెషిన్ వద్దు. ఎండీఎఫ్ చెక్కలో మర అరిగిపోతే ఆ కన్నం ఇక స్క్రూని పట్టుకోదు, పక్కన కొత్త కన్నం వేసుకోవాల్సి వస్తుంది.